లక్షలో ఎందరికి? నడుముకిచ్చే మత్తు, నరాల ముప్పు

"నడుముకు సూదేస్తే కాళ్లు పడిపోవు కదా డాక్టర్ గారూ?" సిజేరియన్‌కు ముందో, మోకాలి మార్పిడికి ముందో మత్తు డాక్టర్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. "ఏమీ కాదమ్మా" అన్నది తరచూ వచ్చే జవాబు. దాంతో అడిగినవాళ్ల భయం తీరదు, ఎందుకంటే అందులో అంకె లేదు. నిజానికి అంకె ఉంది. దాన్ని తేల్చడానికి కొన్ని దేశాలు లక్షల మత్తు ఇంజెక్షన్లను లెక్కపెట్టాయి.

ఆ అంకెతో తెలుగువాళ్లకు మరీ పని ఉంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులను విడిగా చూస్తే 81.5 శాతం. సిజేరియన్లలో అత్యధికం నడుముకు మత్తు ఇచ్చే చేస్తారు. అంటే ఈ రెండు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి ఇంటికీ ఈ సూది తెలుసు. దాని చుట్టూ అల్లుకున్న భయాలూ తెలుసు.

రెండు పద్ధతులు

నడుముకిచ్చే మత్తులో ప్రధానంగా రెండు రకాలు. స్పైనల్‌లో సన్నటి సూది వెన్నుపాము చుట్టూ ఉండే పొరను దాటి, లోపలి ద్రవంలోకి వెళ్తుంది. అక్కడ రెండు మిల్లీలీటర్ల బుపివకైన్ చాలు, నిమిషాల్లో నడుము కింది భాగం మొద్దుబారుతుంది. రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. ఎపిడ్యూరల్‌లో సూది లావు, కానీ అది ఆ పొరకు బయటే ఆగుతుంది. దాని గుండా సన్నటి గొట్టం పెట్టి, అవసరమైనంతసేపు మందు ఎక్కిస్తారు. ఒక్కోసారి ఆ గొట్టం రోజుల తరబడి ఉంటుంది. ఈ తేడా గుర్తుంచుకుంటే కింది అంకెల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

సున్నా అంటే సున్నా కాదు

1947 అక్టోబరు 13న ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్ రాయల్ ఆసుపత్రిలో ఒకే రోజు, ఒకే డాక్టరు చేతి మీదుగా స్పైనల్ తీసుకున్న ఇద్దరికి కాళ్లు శాశ్వతంగా పడిపోయాయి. వాళ్లు సెసిల్ రో, ఆల్బర్ట్ వూలీ. మందు గాజు ఆంప్యూళ్లను ఫినాల్ ద్రావణంలో ఉంచేవారు. కంటికి కనిపించని పగుళ్ల గుండా ఫినాల్ లోపలికి చేరిందని కోర్టు నమ్మింది. సూదులు, సిరంజిలు మరిగించే పాత్రను శుభ్రం చేయడానికి వాడిన ఆమ్లం వాటికి అంటుకుని ఉంటుందని తర్వాతి పరిశీలకులు వాదించారు. కారణం ఏదైనా ఆ ఇద్దరి కథ దేశమంతా పాకింది. బ్రిటన్‌లో స్పైనల్ వాడకం దశాబ్దాల పాటు పడిపోయింది.

1954లో అమెరికాలో వాండమ్, డ్రిప్స్ అనే ఇద్దరు మత్తు వైద్యులు మరో లెక్క ప్రచురించారు. 8,460 మందికి ఇచ్చిన 10,098 స్పైనల్ ఇంజెక్షన్ల తర్వాత వాళ్లను దీర్ఘకాలం గమనించారు. పెద్ద నరాల దెబ్బ ఒక్కటీ కనబడలేదు.

ఒక వైపు ఇద్దరు, మరో వైపు పది వేలకు సున్నా. ఏది నమ్మాలి? రెండూ నిజమే, కానీ రెండూ అసలు ప్రశ్నకు జవాబు కావు. గణాంకాల్లో ఒక తేలిక సూత్రం ఉంది. ఎన్ని కేసులు చూసినా ఒక్క ప్రమాదమూ కనబడకపోతే, 3ను ఆ కేసుల సంఖ్యతో భాగించాలి. అసలు ముప్పు ఆ మేరకు ఉన్నా ఉండొచ్చు. 10,098కి ఈ సూత్రం పెడితే సుమారు 3,400 మందిలో ఒకరు అని వస్తుంది. అంటే పది వేల మందిలో సున్నా చూసి కూడా "3,400 మందిలో ఒకరికి కాదు" అని గట్టిగా చెప్పలేం. అరుదైన ప్రమాదాన్ని కొలవాలంటే వేలు చాలవు, లక్షలు కావాలి.

ఏడు లక్షల లెక్క

ఆ పని బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అనస్థటిస్ట్స్ చేసింది. 2006లో దేశంలోని ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో రెండు వారాల పాటు ఇచ్చిన ఇంజెక్షన్లను లెక్కించి, దాని నుంచి ఏడాది మొత్తం తేల్చారు. అది 7,07,455. అదే సమయంలో ఏడాది పొడవునా ఎక్కడ ఏ నరాల సమస్య వచ్చినా తమకు తెలియజేయమన్నారు. వచ్చిన ప్రతి కేసునూ నిపుణుల బృందం పరిశీలించింది. ఫలితాలు 2009లో వెలువడ్డాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆపరేషన్ తర్వాత కాలు చచ్చుబడితే అది మత్తు వల్లనా, ఆపరేషన్ వల్లనా, ముందే ఉన్న జబ్బు వల్లనా అన్నది ప్రతిసారీ తేలదు. అందుకే వాళ్లు రెండు లెక్కలు వేశారు. సందేహం ఉన్న ప్రతి కేసునూ మత్తు ఖాతాలోనే వేసింది ఒకటి, అది కఠినమైన లెక్క. మత్తే కారణమని బలంగా అనిపించినవే తీసుకుంది మరొకటి, అది ఉదారమైన లెక్క.

శాశ్వత హాని: కఠినమైన లెక్కలో లక్షకు 4.2, ఉదారమైన లెక్కలో లక్షకు 2.0.

రెండు కాళ్లూ పడిపోవడం లేదా మరణం: లక్షకు 1.8 లేదా 0.7. అంటే సుమారు 54,500 మందిలో ఒకరి నుంచి 1,41,500 మందిలో ఒకరి వరకు.

మరో మాట కూడా ఆ నివేదికలోదే. మొదట్లో తీవ్రంగా కనిపించిన నరాల దెబ్బల్లో సుమారు మూడింట రెండు వంతులు పూర్తిగా నయమయ్యాయి.

ఎవరి వెన్ను అన్నదే తేడా

సగటు అంకె అందరికీ వర్తించదు. అదే నివేదికను విడదీసి చూస్తే చిత్రం మారిపోతుంది. కాన్పుల కోసం ఇచ్చిన 3,20,425 ఇంజెక్షన్లలో శాశ్వత హాని లక్షకు 1.2 దాటలేదు. కఠినంగా లెక్కపెట్టినా 80,000 మంది తల్లుల్లో ఒకరు. పెద్ద ఆపరేషన్ల కోసం పెద్దవాళ్లకిచ్చిన ఎపిడ్యూరళ్లలో అదే అంకె లక్షకు 17.4, అంటే సుమారు 5,800 మందిలో ఒకరు. మొత్తం ఇంజెక్షన్లలో ఈ ఎపిడ్యూరళ్ల వాటా ఏడో వంతే. సమస్యల్లో మాత్రం సగానికి పైగా వీటివే.

స్వీడన్ లెక్కా ఇదే దారిలో ఉంది. 1990-99 మధ్య అక్కడ ఇచ్చిన 12,60,000 స్పైనళ్లు, 4,50,000 ఎపిడ్యూరళ్లను పరిశీలిస్తే తీవ్రమైన సమస్యలు 127 తేలాయి. వాటిలో 85 శాశ్వతమైనవి. స్పైనల్ తర్వాత 20,000 నుంచి 30,000 మందిలో ఒకరికి సమస్య వచ్చింది. ఎపిడ్యూరల్‌లో కాన్పు తల్లులకు 25,000కు ఒకటి, మిగతావాళ్లకు 3,600కు ఒకటి. వెన్నులో రక్తం గడ్డకట్టడం ఒక్కటే తీసుకుంటే తేడా ఇంకా స్పష్టం. ఎపిడ్యూరల్ తీసుకున్న తల్లుల్లో రెండు లక్షలకు ఒకరు, మోకాలి మార్పిడి చేయించుకున్న ఆడవాళ్లలో 3,600కు ఒకరు.

ఎందుకింత తేడా? గర్భిణులు వయసులో చిన్నవాళ్లు, వెన్నులో ఖాళీ ఉంటుంది. మోకాలి మార్పిడికి వచ్చే పెద్దావిడకు ఎముకలు గుల్లబారి ఉండొచ్చు, వెన్నులో దారి ఇరుకై ఉండొచ్చు, రక్తం పలుచన చేసే మందులు వాడుతూ ఉండొచ్చు. కొద్దిపాటి రక్తం చేరినా అక్కడ నరాలకు తప్పించుకునే చోటు ఉండదు. పైగా ఎపిడ్యూరల్ గొట్టం రోజుల తరబడి ఉంటే, కాలు కదలకపోవడం మందు వల్లేనని అందరూ సర్దిచెప్పుకునే ప్రమాదం ఉంది.

హాని ఎలా జరుగుతుంది?

మొదటిది రక్తపు గడ్డ. సూదో గొట్టమో చిన్న రక్తనాళానికి తగిలితే మామూలుగా ఆ రక్తం అక్కడే ఆగిపోతుంది. ఆగకపోతే గడ్డ పెరిగి వెన్నుపామును నొక్కుతుంది. 1994లో ఒక సమీక్ష అప్పటివరకు వైద్య పత్రికల్లో వచ్చిన 61 కేసులను ఒకచోట చేర్చింది. మూడింట రెండు వంతుల మందికి రక్తం సరిగా గడ్డకట్టని స్థితి ముందే ఉంది. వాళ్లలో చాలామంది రక్తం పలుచన చేసే మందుల మీద ఉన్నారు. కాళ్లు చచ్చుబడిన 8 గంటల్లోపు ఆపరేషన్ చేసి గడ్డ తీసినవాళ్లు బాగా కోలుకున్నారు. ఆ తర్వాత చేసినవాళ్లలో కోలుకున్నవాళ్లు తగ్గిపోయారు. అమెరికాలో రక్తం పలుచన చేసే ఎనాక్సాపరిన్ వాడకం పెరిగాక ఇలాంటి కేసులు వరుసగా రావడంతో 1997 డిసెంబరులో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. ఇప్పటి నియమాలు దాని ఫలితమే. ఎనాక్సాపరిన్ నివారణ డోసు వేశాక కనీసం 12 గంటలు, చికిత్స డోసు తర్వాత 24 గంటలు ఆగాలి. క్లోపిడోగ్రెల్ 5 నుంచి 7 రోజుల ముందే ఆపాలి. ఆస్పిరిన్ ఒక్కటే అయితే సాధారణంగా అడ్డు కాదు. అయితే గుండెకు స్టెంటు ఉన్నవాళ్లు వీటిలో దేన్నీ సొంతంగా మానకూడదు. మత్తు డాక్టరు, గుండె డాక్టరు కలిసి చెప్పాల్సిన మాట అది.

రెండోది ఇన్‌ఫెక్షన్. 2008-09లో అమెరికాలోని న్యూయార్క్, ఒహాయో రాష్ట్రాల్లో కాన్పు సమయంలో నడుముకు మత్తు తీసుకున్న ఐదుగురు తల్లులకు మెనింజైటిస్ వచ్చింది, ఒకరు చనిపోయారు. కారణమైన బాక్టీరియా మనిషి నోట్లో సహజంగా ఉండే రకం. సూది వేసేవాళ్లకు ముక్కూ నోరూ మూసే మాస్కు ఎందుకో ఈ ఒక్క సంఘటన చెబుతుంది.

మూడోది సూది తగలడం. పెద్దవాళ్లలో వెన్నుపాము సాధారణంగా మొదటి నడుము పూస దగ్గర ముగుస్తుంది. అందుకే స్పైనల్‌ను మూడో పూస కిందో, నాలుగో పూస కిందో వేస్తారు. చేత్తో తడిమి ఆ చోటు పోల్చుకోవడం అనుకున్నంత తేలిక కాదు. 2000లో వెలువడిన ఒక పరిశీలనలో మత్తు వైద్యులు గుర్తుపెట్టిన చోట్లను ఎంఆర్‌ఐతో సరిచూశారు. సరిపోయినవి 29 శాతమే. ఎక్కువసార్లు వాళ్లు అనుకున్నదానికంటే ఒక పూస పైనే ఉన్నారు, కొన్నిసార్లు నాలుగు పూసల దాకా పైకి పోయారు. పోల్చుకోవడం ఇంత కష్టమైనా హాని అరుదుగానే జరగడానికి కారణం ఉంది. ఒక పూస పైకి వెళ్లినా చాలామందిలో అక్కడింకా వెన్నుపాము మొదలవదు. సూది వేస్తుండగా కాల్లోకి కరెంటు షాకు కొట్టినట్టు అనిపిస్తే వెంటనే చెప్పాలి. ఓర్చుకుని ఊరుకోకూడదు.

నాలుగోది మనిషి తప్పు, పూర్తిగా నివారించదగ్గది. కాన్పులో రక్తస్రావం ఆపడానికి సిరలోకి ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్ ఆంప్యూల్, నడుముకిచ్చే బుపివకైన్ ఆంప్యూల్ చూడటానికి ఒకేలా ఉండొచ్చు. బుపివకైన్ బదులు ట్రానెక్సామిక్ యాసిడ్ వెన్నులోకి వెళ్లిన 21 కేసులను 2019లో ఒక సమీక్ష పరిశీలించింది. 20 మంది ప్రాణాపాయ స్థితికి చేరారు, 10 మంది చనిపోయారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిపై ప్రత్యేకంగా హెచ్చరించింది. ఈ రెండు మందులూ ఒకే ట్రేలో ఉండకూడదన్నది దాని సారాంశం.

తలనొప్పి: ఎక్కువగా వచ్చేది ఇదే

పక్షవాతం లక్షల లెక్క అయితే తలనొప్పి వందల లెక్క. సూది చేసిన రంధ్రం గుండా వెన్ను ద్రవం కారిపోతే తలనొప్పి వస్తుంది. కూర్చుంటే, నిలబడితే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. దీన్ని మొదట రాసినవాళ్లలో ఒకరు స్పైనల్‌కు ఆద్యుడైన జర్మన్ సర్జన్ ఆగస్ట్ బియర్. 1898 ఆగస్టులో కీల్ నగరంలో తన మీదే ప్రయోగం చేయించుకుని, తొమ్మిది రోజులు ఆ బాధ పడ్డాడు.

అప్పటి నుంచి బాగా మారింది సూది మొన. కోసుకుంటూ వెళ్లే పాత మొనకు బదులు ఇప్పుడు పోగులను పక్కకు తోసే పెన్సిల్ మొన సూదులున్నాయి. 110 అధ్యయనాలు, 31,412 మందిని కలిపి 2018లో చేసిన విశ్లేషణలో పాత సూదులతో 11 శాతం మందికి, కొత్తవాటితో 4.2 శాతం మందికి తలనొప్పి వచ్చింది. ఎపిడ్యూరల్ సూది లావుది కాబట్టి, అది పొరపాటున పొరను చీలిస్తే తలనొప్పి ముప్పు బాగా ఎక్కువ. సగానికి పైగా మందికి వస్తుంది. అలా చీలడం వందకు ఒకసారి జరుగుతుంది.

"ఇరవై నాలుగ్గంటలు దిండు పెట్టుకోకు, తల ఎత్తకు" అన్న సలహా ఇప్పటికీ వార్డుల్లో వినిపిస్తుంది. దానివల్ల తలనొప్పి రాకుండా ఆగుతుందనడానికి కోక్రేన్ సమీక్షలో ఆధారం దొరకలేదు. బిడ్డకు పాలివ్వడానికి లేవాల్సిన తల్లిని ఊరికే కట్టిపడేయడమే అది. తలనొప్పి చాలామందికి వారంలో తగ్గిపోతుంది. తగ్గకపోతే పేషెంటు చేతి నుంచే 15 నుంచి 20 మిల్లీలీటర్ల రక్తం తీసి ఎపిడ్యూరల్ చోటులో ఎక్కించి రంధ్రం మూసేస్తారు. బ్లడ్ ప్యాచ్ అనే ఈ చికిత్స 1960 నుంచీ ఉంది. అయితే పడుకున్నా తగ్గని తలనొప్పి, జ్వరం, మెడ పట్టేయడం, చూపు మసకబారడం, ఫిట్స్ ఉంటే అది మత్తు తలనొప్పి అనుకుని ఆగకూడదు. బాలింతల్లో మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం, బీపీ పెరగడం లాంటివి ఇలాగే మొదలవుతాయి.

నడుం నొప్పి నేరం సూదిదేనా?

"పెద్దాపరేషన్‌లో సూదేశారు, అప్పటి నుంచి నడుము పట్టేసింది" అనే మాట మన ఇళ్లలో ఎన్నేళ్లయినా వినిపిస్తుంది. 1990లో బ్రిటన్‌లో 11,701 మంది తల్లులను అడిగితే ఈ మాటకు బలం చేకూరింది. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లలో 18.9 శాతం, తీసుకోనివాళ్లలో 10.5 శాతం దీర్ఘకాలం నడుం నొప్పి ఉందన్నారు. కానీ ఎపిడ్యూరల్ ఎవరు అడుగుతారు? నొప్పులు ఎక్కువసేపు పడ్డవాళ్లు, కాన్పు కష్టమైనవాళ్లు. నడుం నొప్పికి ఆ కష్టమే కారణం కావచ్చు కదా? దీన్ని తేల్చడానికి ఇంగ్లండ్‌లో మూడు వందల పైచిలుకు మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఎపిడ్యూరల్, మరో జట్టుకు వేరే నొప్పి నివారణ ఇచ్చారు. రెండేళ్లు దాటాక చూస్తే నడుం నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. సూది గుచ్చిన చోట కొన్ని రోజుల నొప్పి మామూలే. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి కారణం వేరేచోట వెతకాలి. గర్భంతో మారిన నడుము వంపు, బిడ్డను ఎత్తుకునే తీరు, బలహీనపడిన పొట్ట కండరాలు అలాంటివే.

కాలి తిమ్మిరి సంగతీ ఇంతే. షికాగోలో 6,000 మందికి పైగా బాలింతలను పరిశీలిస్తే 56 మందికి, అంటే 0.92 శాతం మందికి కొత్తగా నరాల సమస్య కనబడింది. దానికి ముడిపడిన కారణాలు తొలి కాన్పు, బిడ్డను నెట్టే దశ బాగా సాగడం. నడుముకిచ్చిన మత్తు ఆ జాబితాలో తేలలేదు. బిడ్డ తల నొక్కడం వల్ల, కాళ్లు ఎక్కువసేపు మడిచి ఉంచడం వల్ల తొడ నరాలు దెబ్బతింటాయి. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది.

పూర్తి మత్తు ఇస్తే మేలు కదా?

పూర్తి మత్తుకూ తన లెక్క ఉంది. సిజేరియన్ల కోసం తల్లులకు పూర్తి మత్తు ఇచ్చినప్పుడు సుమారు 443 మందిలో ఒకరికి శ్వాసగొట్టం వేయడం విఫలమవుతుందని 2015 నాటి సమీక్ష చెబుతోంది. ఆ కారణంగా మరణం లక్షకు 2.3. నడుముకిచ్చే మత్తులో తల్లులకు శాశ్వత హాని లక్షకు 1.2 అని పైన చూశాం. రెండు అంకెలూ వేర్వేరు లెక్కల్లోవి, ఒకటి మరణం, మరొకటి నరాల హాని. కాబట్టి అక్షరాలా పోల్చలేం. అయినా నడుము సూదిని తప్పించుకుంటే ముప్పు తప్పినట్టు కాదని మాత్రం అవి స్పష్టంగా చెబుతాయి.

పేషెంటు పట్టుకోవాల్సిన అంకె

సూది ఎక్కడ దిగుతుందో, మందు ఎవరు తీస్తున్నారో పేషెంటు చేతిలో లేదు. ఆపరేషన్ తర్వాతి గంటలు మాత్రం పేషెంటు, ఇంటివాళ్ల చేతిలో ఉన్నాయి. రక్తపు గడ్డ విషయంలో కాళ్లు దక్కేదీ పోయేదీ ఆ గంటల్లోనే. అందుకే కాన్పుల మత్తుపై బ్రిటన్ వైద్య సంఘాలు 2020లో ఒక సులువైన పరీక్ష పెట్టాయి. చివరి డోసు ఇచ్చిన 4 గంటలకు తల్లి కాలును మడవకుండా మంచం మీద నుంచి పైకి ఎత్తగలగాలి. ఎత్తలేకపోతే మత్తు డాక్టరును పిలవాలి. మత్తు దిగాక మళ్లీ కాళ్లు బరువెక్కినా, నడుములో భరించలేని కొత్త నొప్పి వచ్చినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా చూద్దామనకుండా అప్పుడే చెప్పాలి. వెంటనే ఎంఆర్‌ఐ తీయాల్సిన లక్షణాలు అవి. గొట్టం పెట్టినవాళ్లకు అది తీశాక కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు చెప్పాల్సినవి నాలుగు: రక్తం పలుచన చేసే మందు చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో, పాత వెన్ను ఆపరేషన్లు ఏమైనా ఉన్నాయా, కాళ్లలో ముందు నుంచే తిమ్మిరి ఉందా, ఒంటి మీద ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్ ఉందా అన్నవి. ఆపరేషన్ తర్వాత అడగాల్సింది ఒక్కటే: మత్తు చివరి డోసు ఎన్ని గంటలకు ఇచ్చారు? ఆ టైమును పక్కన ఉండే అమ్మో అత్తో కాగితం మీద రాసుకుంటే, 4 గంటలు ఎప్పటికి పూర్తవుతాయో నర్సుకు గుర్తుచేయగలరు.